భూమి కొనే ముందు వినాల్సిన నాలుగు మాటలు

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన పొడుగు మెసేజ్ తీరిగ్గా చదివాను. అల్లుడూ నువ్వూ ఉద్యోగాలు మానేసి, సాగర్ రోడ్డు మీద మాల్ దాటాక ఎక్కడైనా రెండెకరాలు కొని, ఆవును పెట్టుకుని, పొద్దున్నే యోగా చేసుకుంటూ పిల్లలతో ప్రశాంతంగా బతకాలనుకుంటున్నామని రాశావు. ఆ తెల్లారే మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, నువ్వు చెబితే వింటది, ఎట్లన్న చేసి మాన్పించు" అంది. నేను మాన్పించను. మీరు కోరుకున్నది మంచిదే. కాకపోతే మీరు మొదట పెట్టుకున్న పని చివర చేయాల్సింది. భూమి చివర. బతుకు తీరు ముందు మారాలి, అదీ మీరు పట్నంలో ఉండగానే మారాలి.

ఈసారి సాగర్ రోడ్డు మీద వచ్చేటప్పుడు రెండు పక్కలా చూడు. మంచి గేటు, చుట్టూ కంచె, ముద్దుగా ఒక పేరు రాసిన బోర్డు, లోపల ఎండిపోయిన మామిడి మొక్కలు, గేటుకు తాళం. ఇట్లాంటివి ఎన్నో కనిపిస్తాయి. వాటిని కొన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, సోమరులూ కాదు. పట్నంలో ఉన్న ఖర్చునంతా ఇక్కడికి తెచ్చుకున్నారు, జీతం మాత్రం వెంట రాలేదు. అక్కడున్న టెన్షన్ కూడా ఇక్కడికే వచ్చింది. అక్కడ మేనేజర్ మీద ఉన్న కోపం ఇక్కడ వాన మీదికీ, కూలీల మీదికీ మళ్లింది. మన మనసును నిమ్మళం చేసే పని భూమిది కాదు బిడ్డా. నిమ్మళంగా ఉన్న మనిషికి అది పని ఇస్తుంది, తిండి పెడుతుంది.

అందుకే ఒక ఏడాది ఇట్లా చేయండి. ఇద్దరి జీతాల్లో ఒక్కటే ఇంట్లో వాడండి, రెండోది ముట్టొద్దు. ఫ్లాటు లోను, పిల్లల ఫీజులు, పండుగలు, పెళ్లిళ్లు, ఆస్పత్రి అన్నీ ఆ ఒక్క జీతంలోనే వెళ్లాలి. బయటి నుంచి తెప్పించుకునే తిండి తగ్గించండి. వారంలో కొన్ని రాత్రులు జొన్నరొట్టె, పప్పు, ఒక ఆకుకూర. కొన్ని నెలలు గడిచాక ఇద్దరూ కూర్చుని ఏది మానితే హాయిగా ఉంది, ఏది మానితే ప్రాణం విలవిల్లాడింది రాసుకోండి. ప్రాణం విలవిల్లాడిన దాన్ని మానొద్దు, దాన్ని నెల ఖర్చులో కలుపుకోండి. నీకు పుస్తకాలు కొనడం ఇష్టం, కొనుక్కో. అల్లుడికి నెలకోసారి స్నేహితులను కలవాలి, కలవనివ్వు. సాదాగా బతకడమంటే ఒళ్లు కాల్చుకోవడం కాదు. ఏడాది చివరికి "మా నలుగురికి నెలకు ఇంత ఉంటే సరిపోతుంది" అని ఒక అంకె మీ చేతికి రావాలి. ఆ అంకె తెలియకుండా భూమి బేరానికి పోవద్దు. ఎంత భూమి కావాలో, ఎంత దాచుకోవాలో, ఎవరు ఉద్యోగంలో ఉండాలో అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

యోగా సంగతి. పతంజలి చెప్పిన ఐదు నియమాల్లో శౌచం, అంటే శుభ్రత, తర్వాత వచ్చేది సంతోషం. అంటే తృప్తి అన్నిటికన్నా చివర్న వచ్చే బహుమతి కాదు, మొదటి నుంచీ రోజూ సాధన చేయాల్సిందని ఆయన లెక్క. నాకు ఆ లెక్క నచ్చింది. చేను కొన్నాక తృప్తి మొదలుపెడదామనుకుంటే అది బోరు పడ్డాక, తోట కాపుకొచ్చాక, అప్పు తీరాక అంటూ వెనక్కి జరుగుతూనే ఉంటుంది.

ఎవుసం చేసేవాళ్లకు యోగా వేరే ఎందుకు, పనే వ్యాయామం కదా అని మా ఊళ్లో నన్ను అడుగుతారు. చేనుపని ఒళ్లంతటినీ సమానంగా కదిలించదు. కలుపు తీసినా, నాటేసినా, పత్తి ఏరినా నడుము ముందుకే వంగుతుంది, గంటల తరబడి అట్లనే ఉంటుంది. కాబట్టి వెనక్కి వంచేవి కావాలి. భుజంగాసనం, శలభాసనం, నిలబడి తాడాసనం, మోకాళ్ల మీద మార్జాలాసనం. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో ఇవి, ఆ తర్వాత నాలుగు సూర్యనమస్కారాలు, కొద్దిసేపు అనులోమ విలోమం. సాయంత్రం కాళ్లు కడుక్కుని శవాసనం. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే పనులు మీద పడ్డ రోజుల్లో మొత్తానికే ఆగిపోతుంది. అల్లుడికి బీపీ ఉందని మీ అమ్మ చెప్పింది. అతన్ని ఊపిరి బిగబట్టే కుంభకాలు, వేగంగా చేసే కపాలభాతి జోలికి పోవద్దను. డాక్టరును అడిగి, తెలిసిన గురువు దగ్గర ఒకసారి సరిచేయించుకోమను. ఇంకో మాట, పక్క చేలో పత్తికి మందు కొడుతుంటే ఆ పూట గట్టు మీద ప్రాణాయామం చేయొద్దు. ఇంట్లోకి వచ్చేయండి.

యోగా కన్నా ముందు నీళ్లు. మన నల్గొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎట్లా పీడించిందో నీకు తెలుసు. కింద ఉన్న గ్రానైటు రాయి నుంచే అది నీళ్లలోకి దిగుతుంది. నా ఈడు వాళ్లలో మెడ తిప్పలేని వాళ్లు, గొంతుక్కూర్చుంటే లేవలేని వాళ్లు ఉన్నారు. వాళ్లకు ఏ ఆసనం చెబుతావు? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. మరగబెడితే పోతుందనుకోవద్దు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పిల్లల పళ్లు, ఎముకలు పెరిగే వయసిది. మీరు చూసే చేలో బోరుంటే సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. తాగడానికి కృష్ణా నీళ్లు, అంటే ప్రభుత్వం వేసిన మిషన్ భగీరథ నల్లా, ఆ ఇంటిదాకా వస్తుందా అని కనుక్కోండి. రాకపోతే ఆ భూమి ఎంత చవకైనా వద్దు.

ఇక భూమి. మీరు సంక్రాంతికి వచ్చి చూసి వెళ్లారు. అప్పుడు ఇక్కడ అంతా అందంగానే ఉంటుంది. చూడాల్సింది రోహిణి కార్తెలో. మే చివర్న మధ్యాహ్నం పూట ఆ మెట్ట చెల్కలో నిలబడండి. చుట్టుపక్కల చేలల్లో బోర్లు అప్పుడు ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తున్నాయో, ఎన్ని ఎండిపోయాయో ఆ రైతులనే అడగండి, అమ్మేవాణ్ని కాదు. మన దక్షిణ తెలంగాణలో ఏడాదికి పడేదే 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన. పాలమూరు వైపు ఇంకా తక్కువ. అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లో, అదీ కొన్ని రోజుల్లోనే కుమ్మరిస్తుంది. బోరు కోసం మాత్రం అప్పు చేయొద్దు. ఒకటి ఫెయిలైతే ఇంకోటి, అదీ పోతే మరోటి అనుకుంటూ మన ప్రాంతంలో ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో చూస్తూ పెరిగినదానివే. నీళ్లు లేకపోతే వానకు పండేది పండించుకోండి, పల్లపు మూలన ఒక కుంట తవ్వించండి.

కాగితాల గురించి గట్టిగా చెబుతున్నాను. లావణి పట్టా భూమి ఎవరు ఎంత తక్కువకు ఇస్తానన్నా కొనొద్దు. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అది. 1977 చట్టం కింద ఆ అమ్మకం చెల్లదు. పాస్ పుస్తకం, భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే పాత పహాణీలు, దాని మీద అప్పులూ అమ్మకాలూ చూపే ఈసీ అన్నీ చూడండి. ఆన్‌లైన్ భూమి రికార్డులకు ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది, అందులో సర్వే నంబరు కొట్టి చూసుకోండి. సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించాకే పైకం ఇవ్వండి. బాట సంగతి మరవొద్దు. చేనుకు పోయే బాట ఇంకొకరి పట్టాలోంచి పోతుంటే, వాళ్లతో ఒక్క మాట తేడా వచ్చిన రోజు మీ ట్రాక్టరు రోడ్డు మీదే ఆగిపోతుంది. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల జోలికి వెళ్లొద్దు. అవి వారాంతానికి వచ్చి పోయేవాళ్ల కోసం, పండించుకుని తినేవాళ్ల కోసం కావు.

మనవి ఎక్కువగా ఎర్ర చెల్కలు. జానెడు తవ్వితే మొరం తగులుతుంది. నీళ్లు నిలవవు, సారం నిలవదు. మొదటి రెండేళ్లు మీ కష్టమంతా మట్టి మీదే పెట్టండి, పంట మీద ఆశ పెట్టుకోవద్దు. ఎండాకాలం చెరువు మట్టి తోలించండి. జూన్ వానలకు జనుము గానీ జీలుగ గానీ చల్లి పూతకు రాగానే కలియదున్నండి. అన్నిటికన్నా నాకు నమ్మకమైనది గొర్రెల మంద. చేలు ఖాళీ అయ్యాక గొల్లకుర్మలు మందలు తోలుకుని వస్తారు. రాత్రికి ఇంత అని మాట్లాడుకుంటే పొద్దుగూకే వేళ చెల్కలో చుట్టూ వల కట్టి గొర్రెలన్నిటినీ లోపల పడుకోబెడతారు. కాపరి అక్కడే గొంగడి పరుచుకుంటాడు. తెల్లారి వల విప్పితే అడుగు పెట్టడానికి సందు లేకుండా పెంటికలు, నేలంతా మూత్రపు తడి, ముక్కుకు ఘాటుగా తగిలే వాసన. మర్నాటి రాత్రికి వలను పక్క పట్టీలోకి జరుపుతారు. అట్లా చేనంతా తిరిగాక ఆలస్యం చేయకుండా పైపైన దున్నించాలి, లేకపోతే ఎండకు సారమంతా పోతుంది. మంద పెట్టించిన చెల్కలో కంది ఆకు రంగే వేరుగా ఉంటుంది. రోడ్డు మీద నుంచి కూడా ఆనవాలు పట్టొచ్చు.

ముందు మీ వంటింటికి పండించండి. కంది, మధ్యలో పెసర. పెసర రెండు నెలలు దాటగానే చేతికొస్తుంది, కంది సంక్రాంతి దాకా నిలబడుతుంది. నలుగురున్న ఇంటికి ఏడాదికి అర క్వింటం పప్పు ఎక్కువే. ఒక మూల జొన్న, గట్ల వెంట మునగ, నిమ్మ, కరివేపాకు, రాళ్లున్న చోట బాలానగర్ సీతాఫలం. దానికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు, మేకలు కూడా ఆకు ముట్టవు. పల్లికాయ మాత్రం మొదటి ఏడాది వేయొద్దు. అడవి పందులు ఒక్క రాత్రిలో తవ్విపోస్తాయి. కూరగాయల మీదికి కోతులు వస్తాయి, విత్తనాల మీదికి నెమళ్లు వస్తాయి. బత్తాయి మీద అల్లుడికి మోజుంది. నల్గొండకు పేరు తెచ్చిన పంటే, నాకూ ఇష్టమే. కానీ కాపుకు నాలుగైదేళ్లు పడుతుంది, అన్నేళ్లూ ఎండాకాలం నీళ్లు తప్పకూడదు. ఆ నీటి భరోసా ఉంటేనే పెట్టండి.

ఆవు గురించి నువ్వు ఎంతో ముచ్చటపడి రాశావు. రెండో ఏడాది దాకా ఆగు. పాడి ఉన్న ఇంట్లో మొగుడూ పెళ్లాం కలిసి పెళ్లికి పోలేరు. పొద్దున, సాయంత్రం ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండాల్సిందే. జ్వరం వచ్చినా పితకాలి, గడ్డి వేయాలి. మేత ముందు పెంచుకో, తర్వాత పశువును తెచ్చుకో.

పైసల సంగతిలో నా మాట ఒక్కటే. ఇద్దరూ ఒకేసారి రాజీనామా చేయొద్దు. కనీసం రెండు పంటకాలాలు ఒకరి జీతం రావాలి. ఫ్లాటు అమ్మి భూమి కొనొద్దు. ఉద్యోగం మానగానే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పోతుంది, సొంతంగా తీసుకున్నాకే మానండి.

చివరిగా ఇంట్లో సంగతి. ఈ ఆలోచన నీదా, అల్లుడిదా, ఇద్దరిదీనా? మెసేజ్‌లో అన్నీ "మేము" అని రాశావు. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక విడివిడిగా కాగితం మీద రాసి మార్చుకోండి. ఊరికొచ్చాక చేను ఆయన చూస్తాడు, వంట, పిల్లలు, మీ అత్తమ్మ సేవ, కూలీలకు చాయ్ నీ మీద పడతాయి. ముందే పంచుకోకపోతే నీకు పట్నంలో ఉన్న తీరిక కూడా దక్కదు. ఇదే ఊళ్లో కోడలిగా ఎవుసం చేసినదాన్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎవరి పేరున పట్టా చేయించాలన్నదీ అప్పుడే మాట్లాడుకో. నీ జీతంతో కొంటే నీ పేరు ఉండాలి. పెద్దదాన్ని అడుగు, స్కూలు మారడం దానికి ఇష్టమేనా అని. చిన్నోడికి ఇక్కడ దోస్తులు తొందరగా దొరుకుతారు, దానికి టైం పడుతుంది. బతుకమ్మకు వారం ముందే పంపు, తంగేడు, గునుగు తెంపడానికి నా వెంట తిప్పుకుంటాను.

కొనేముందు ఒక పంట చేసి చూడండి. మా చెల్కలో రోడ్డు వైపున్న ఎకరం ఈసారి మీకు వదిలేస్తాను, కౌలు ఏమీ వద్దు. మృగశిర కార్తెకు వాన పడితే దుక్కి నేను చేయిస్తాను. కంది విత్తనం ఇంట్లోనే ఉంది, వేపాకు వేసి దాచాను. ఎకరానికి నాలుగు కిలోలు చాలు. విత్తే రోజుకు, రెండుసార్లు కలుపుకు, కోతకు మీరే రావాలి, కూలీల డబ్బులు మీరే ఇవ్వాలి, లెక్క మీరే రాయాలి. మే నెల పదో తారీఖు లోపల అవునో కాదో ఫోన్ చేసి చెప్పు. ట్రాక్టరు అతనికి ముందే చెప్పుకోవాలి, వాన పడ్డాక దొరకడు.

మీ పెద్దమ్మ