పియానోతో స్ట్రింగ్స్ కలిపితే పాట ఎందుకు ముద్దగా వినిపిస్తుంది?

మీ 61 కీల కీబోర్డులో పియానోను, స్ట్రింగ్స్‌ను (వయొలిన్ల బృందం నాదం) లేయర్ చేసి, అంటే ఒకే కీకి రెండూ కలిసి పలికేలా పెట్టి వాయిస్తే పాట ముద్దగా వినిపిస్తోందని, స్ప్లిట్ పెట్టి (కీబోర్డును రెండు భాగాలు చేసి) ఎడమచేతికి బేస్ ఇస్తే సస్టెయిన్ పెడల్ (కీ వదిలినా స్వరాన్ని మోగిస్తూ ఉంచేది) నొక్కినప్పుడల్లా బేస్ స్వరాలు ఆగకుండా మోగుతున్నాయని అడిగారు. బృందంలో వాయించడం మొదలుపెట్టిన కొత్తలో ఈ రెండు ఇబ్బందులూ నేను పడ్డాను. రెండింటికీ ప్రధాన కారణం పెడలే.

పియానో స్వరం కొట్టగానే పలికి, క్రమంగా సన్నగిల్లిపోతుంది. స్ట్రింగ్స్ అలా కాదు. నెమ్మదిగా లేచి, కీ గానీ పెడల్ గానీ వదిలేదాకా దాదాపు అదే బలంతో నిలిచి ఉంటాయి. పెడల్ నొక్కి ఉంచి సీ మేజర్ కార్డు (కలిపి వాయించే స్వరాల గుంపు) నుంచి ఎఫ్ మేజర్‌కు వెళ్లి చూడండి. పాత కార్డులోని ఈ (E), జీ (G) స్వరాలు పియానోలో అప్పటికే పలచబడి ఉంటాయి గానీ, స్ట్రింగ్స్‌లో మాత్రం నిండుగా మోగుతూ కొత్త కార్డును కప్పేస్తాయి. మీ కీబోర్డులో ఒక్కో వాయిస్‌కు (వాద్య నాదానికి) విడిగా సస్టెయిన్ ఆపే వీలుంటే స్ట్రింగ్స్‌కు ఆపేయండి. లేకపోతే కార్డు మారిన ప్రతిసారీ పెడల్ వదిలి మళ్లీ నొక్కే అలవాటు చేసుకోక తప్పదు.

వాల్యూమ్ సంగతికొస్తే, రెండింటినీ సమానంగా పెట్టకండి. నేను పియానోను 100 దగ్గర ఉంచి, స్ట్రింగ్స్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, అవి విడిగా వినబడడం మొదలైన చోట ఆగి, అక్కడి నుంచి కాస్త తగ్గిస్తాను. నాకది ఎక్కువగా 60 దగ్గర కుదురుతుంది. అప్పటికీ ముద్దగానే ఉంటే స్ట్రింగ్స్‌ను ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి జరపండి. పాలీఫోనీ (ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య) 32 మాత్రమే ఉన్న కీబోర్డులో లేయర్ చేస్తే ఒక్కో కీకి కనీసం రెండు స్వరాలు ఖర్చవుతాయి కాబట్టి, పెడల్ ఎక్కువసేపు నొక్కితే పాత స్వరాలు మధ్యలోనే తెగిపోతాయని కూడా గుర్తుంచుకోండి.

స్ప్లిట్‌లో బేస్ మోగుతూ ఉండడానికీ మందు అదే: ఎడమ భాగానికి సస్టెయిన్ ఆపడం. అంతకన్నా ముఖ్యమైనది స్ప్లిట్ పాయింట్, అంటే కీబోర్డు రెండుగా విడిపోయే కీ. యమహా కీబోర్డులు చాలావాటిలో అది మొదట ఎఫ్ షార్ప్ 2 దగ్గర, అంటే మధ్య సీకి ఆరు కీల కింద ఉంటుంది. ఒక కార్యక్రమంలో నేను దాన్ని మార్చకుండానే ఫ్లూట్ వాయిస్తుండగా, పల్లవి చివర స్వరం మంద్రస్థాయికి దిగి, ఫ్లూట్ బదులు బేస్ పలికింది. గాయని ఆ స్వరాన్నే అందుకోవాల్సి ఉండడంతో నేను చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి పాటలో కుడిచేయి దిగే అతి కింది స్వరమేదో ముందే చూసుకుని, దానికి రెండు కీల కింద స్ప్లిట్ పెట్టి, ఆ అమరికను రిజిస్ట్రేషన్ మెమరీలో (అమరికలను దాచే కీబోర్డు జ్ఞాపకంలో) దాచుకుంటున్నాను.

శ్రుతి మారినందువల్ల అదే పాటను వేరే కీల మీద వాయించాల్సి వస్తే స్ప్లిట్ పాయింట్‌ను కూడా మార్చాలి. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో శ్రుతి మారిస్తే వేళ్లు పాత కీల మీదే ఉంటాయి కనుక సాధారణంగా ఆ అవసరం రాదు.