ఆవిడ మంచం ఎక్కడ వేస్తారు?

మేడమ్, నాకు 37 ఏళ్లు. మావారూ నేనూ ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఒక్కడే బాబు, ఎనిమిదో తరగతి. మియాపూర్‌లో 19 వేలు అద్దె కడుతూ ఉంటున్నాం. బాచుపల్లిలో 1,150 అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ మా ఇద్దరి పేరు మీద కొన్నాం. శ్రావణంలో గృహప్రవేశం. ఖర్చంతా ఎక్సెల్‌లో వేశాను. గృహప్రవేశానికి 1,20,000, కర్టెన్లు, ఫ్యాన్లు, లైట్లకు 80,000, బాబు గదికి వార్డ్‌రోబ్‌తో కలిపి 95,000, టీవీ యూనిట్‌కు 63,000, ప్యాకర్స్‌కు 27,000. మొత్తం 3,85,000. చేతిలో ఉన్నది మూడు లక్షలు.

మా అత్తగారి పాత సామాను లేకపోతే ప్యాకర్స్ వాళ్లు 14,500కే వస్తామంటున్నారు. టేకు బీరువా, పందిరి మంచం, రుబ్బురోలు, రెండు ట్రంకు పెట్టెలు, ఇత్తడి గుండిగలు. ఏడాదిగా కింద పార్కింగ్‌లో పట్టా కప్పి ఉన్నాయి. నిరుడు తెనాలి దగ్గర వాళ్ల ఊళ్లో ఇల్లు అమ్మి, వచ్చిన 18 లక్షలూ మా డౌన్ పేమెంట్‌కు ఇచ్చి ఆవిడ మా దగ్గరికి వచ్చేశారు. ఆ సామాను అమ్మేద్దామని మావారితో అంటే ‘మీరూ మీరూ చూసుకోండి’ అంటారు. ఆ మాట ఆవిడ చెవిన పడినట్టుంది, పది రోజులుగా నాతో ముభావంగా ఉంటున్నారు. ఇల్లు మారే ఖర్చు ఎలా తగ్గించుకోవాలి? సామాను సంగతి ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

– ఒక సోదరి, హైదరాబాద్

అమ్మా, ఖర్చు సంగతి ముందు తేల్చేద్దాం. అది అంత పెద్ద విషయం కాదు.

మీ లెక్క తప్పు. ఎక్కువ వేశారని కాదు, తక్కువ వేశారని. కొనే వస్తువులన్నీ రాశారు, కట్టాల్సిన డబ్బులు మర్చిపోయారు. ఇల్లు మారే నెలలో పాత ఇంటి అద్దె, కొత్త ఇంటి ఈఎంఐ రెండూ మీద పడతాయి. ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఓనరు అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పట్టుకోవడం మన ఊళ్లో మామూలే కాబట్టి ఆ 19 వేలు తిరిగి రావనే అనుకోండి. కొత్త అపార్ట్‌మెంట్‌లో ఏడాది మెయింటెనెన్స్ ముందే కట్టమంటారు. అడుగుకు మూడు రూపాయలే అనుకున్నా మీ ఫ్లాట్‌కు నెలకు 3,450, ఏడాదికి 41,400. కార్పస్ ఫండ్ అని, ముందుముందు వచ్చే పెద్ద ఖర్చుల కోసం ఒకేసారి కట్టించుకునేది ఇంకొకటి ఉంటుంది. ఇవి బిల్డరుకు ఇదివరకే కట్టేసి ఉంటే సరే, లేకపోతే ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. ఏసీ విప్పి, మళ్లీ బిగించి, రాగి పైపు చాలక కొత్త ముక్క వేసి, గ్యాస్ నింపితే ఒక్కోదానికి ఎంత లేదన్నా రెండు మూడు వేలు. ఇక గీజర్, వాటర్ ఫిల్టర్, ఇంటర్నెట్, బాబు స్కూలు బస్సు. మొత్తం మీద పదో వంతు విడిగా చేతిలో ఉంచుకోవాలి. మొదటి వారమంతా రోజూ ఏదో ఒకటి కొంటూనే ఉంటారు, చీపురు దగ్గర్నుంచి బకెట్ దాకా.

ప్యాకర్స్ వాళ్లు ఫోన్‌లో చెప్పే రేటును నమ్మకండి. మనిషిని ఇంటికి పంపి సామాను చూసుకోమనండి. ఎన్ని అట్టపెట్టెలు, ఎంతమంది మనుషులు, రెండు చోట్లా లిఫ్ట్ ఉందా, బండి గేటు లోపలికి వస్తుందా, జీఎస్టీ కలిపా విడిగానా, అన్నీ కాగితం మీద ఉండాలి. కిందటిసారి మేం మారినప్పుడు సాయంత్రం ఆరు దాటితే సర్వీస్ లిఫ్ట్ ఆపేస్తారని మాకెవరూ చెప్పలేదు. మెట్ల మీద మోయాలంటే ఇంకో నాలుగు వేలు కావాలని హమాలీలు గేటు దగ్గరే నిలబడ్డారు. బీరువా రోడ్డు మీద ఉంది, చీకటి పడుతోంది, ఏం బేరమాడతాం? ఇచ్చాం. అందుకని అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి లిఫ్ట్ టైమ్ ముందే రాయించుకోండి. డబ్బు కొంత ముందు, మిగతాది సామాను దించి చూసుకున్నాక. బంగారం, రిజిస్ట్రేషన్ కాగితాలు మీ చేతి సంచిలోనే ఉండాలి, బండి ఎక్కించకండి.

ఇంకో మాట. పాలు పొంగించిన రోజే సామాను దించాలని ఎక్కడా లేదు. ఆషాఢమంతా ఆగిన వాళ్లందరూ శ్రావణంలో ఒకేసారి కదులుతారు. మంచి ముహూర్తం, పైగా ఆదివారం అయితే డీసీఎం వ్యాన్ దొరకడమే గగనం. ముహూర్తానికి దేవుడి పటం, పొయ్యి, బియ్యం, ఉప్పు, పసుపు, నాలుగు చాపలు పట్టుకెళ్లి ఆ రాత్రి అక్కడ నిద్ర చేయండి. సామాను తర్వాత ఏ బుధవారమో తరలించుకోవచ్చు, నెలాఖరు మాత్రం కాకుండా చూసుకోండి.

ఇక కోతలు. వ్రతం, హోమం, దగ్గరివాళ్లు ఓ నలభై మందికి అరిటాకు భోజనం, ఆడపడుచు ఉంటే ఆవిడకు చీర. ఇవన్నీ 60 వేలలో అవుతాయి. ఆవును లిఫ్ట్‌లో పైకి ఎక్కించాలని ముచ్చటపడేవాళ్లు ఉన్నారు. మీరు ఆ పని చేయకండి, కింద గేటు దగ్గర పూజ చేసి పంపించండి, దానికీ ప్రాణం కుదుటపడుతుంది. టీవీ యూనిట్ సంక్రాంతికి కొనుక్కోవచ్చు. గోడకు మేకు కొట్టి తగిలించినా టీవీలో బొమ్మ వస్తుంది. ఈ రెండిట్లోనే 1,23,000 మిగిలింది. మీ లోటు 85 వేలు పూడి, నేను పైన చెప్పిన మర్చిపోయిన ఖర్చులకు 38 వేలు చేతికొచ్చాయి. అత్తగారి సామాను జోలికి వెళ్లకుండానే.

ఇప్పుడు మీ ఉత్తరం గురించి మాట్లాడుకుందాం.

దాన్ని మూడుసార్లు చదివాను. ఫ్లాట్‌లో పడక గదులు రెండు. ఒకటి మీది. రెండోది ‘బాబు గది’ అని రాశారు, దానికి 95 వేలు కేటాయించారు కూడా. మరి మీ అత్తగారు ఎక్కడ పడుకుంటారు? హాల్లో దివాన్ మీదా? బాబు గదిలో కింద పరుపు వేసుకునా? కర్టెన్‌కు లెక్క ఉంది, ఫ్యానుకు లెక్క ఉంది, ఆవిడ మంచానికి మాత్రం చోటు లేదు. పది రోజులుగా ఆవిడ ముభావంగా ఉన్నది రుబ్బురోలు గురించి అనుకుంటున్నారు మీరు. ఇల్లే అమ్ముకున్న మనిషి రోలు కోసం అలగదమ్మా. సామాను తర్వాత తన వంతేనేమో అని లోపల బెంగపడుతూ ఉంటుంది. ఆ భయం నోరు తెరిచి ఎవరికి చెప్పుకుంటుంది?

ఎక్సెల్‌లో ఆవిడ సామాను వల్ల మీకు కనిపించిన అదనపు ఖర్చు 12,500. ఆవిడ ఇచ్చిన 18 లక్షలు మాత్రం ఏ గడిలోనూ లేవు. ఉత్తరంలో కూడా ఒక్క వాక్యంలో దాటేశారు, అదీ ఆవిడ మీ దగ్గర ఎందుకు ఉంటున్నారో చెప్పడానికి. మీరు చెడ్డవారని నేను అనడం లేదు. ఉద్యోగం, పిల్లాడి చదువు, లోను టెన్షన్, అన్నీ నెత్తిన వేసుకుని లెక్కలు కూడా మీరే రాసుకుంటున్నారు. కానీ ఇల్లూ, ఇరుగూ పొరుగూ అన్నీ వదులుకుని వచ్చిన మనిషి దగ్గర మిగిలినవి ఆ నాలుగు వస్తువులు. అవి కూడా ఏడాదిగా కార్ల మధ్య పట్టా కింద ఉన్నాయి. కూరగాయలకు దిగినప్పుడల్లా ఆవిడ వాటిని దాటుకునే వెళ్లాలి కదా.

అసలు మాట్లాడాల్సిన మనిషి ఇంతవరకూ నోరు విప్పలేదు. ‘మీరూ మీరూ చూసుకోండి’ అన్నారట మీ ఆయన. ఇంట్లో మంచివాడిగా మిగిలిపోవడానికి మగవాళ్లు కనిపెట్టుకున్న మాట ఇది. నాకు దీని మీద గౌరవం లేదు. నిరుడు ఇల్లు అమ్మేటప్పుడు కూడా అత్తాకోడళ్లు చూసుకోండి అన్నారా? అప్పుడు తల్లీకొడుకులే కూర్చుని మాట్లాడుకుని ఉంటారు. రిజిస్ట్రార్ ఆఫీసుకు వెంటబెట్టుకుని వెళ్లింది కొడుకే అయి ఉంటాడు. సంతకం పెట్టించేటప్పుడు కొడుకు, సామాను తీసేయించేటప్పుడు కోడలు. ఇదెక్కడి పంపకం?

కాబట్టి, ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలన్న ప్రశ్నకు నా జవాబు, మీరు చెప్పకండి. ఎంత తేనె పూసి చెప్పినా కోడలి నోట ఆ మాట వస్తే ‘నన్ను వదిలించుకోవాలని చూస్తోంది’ అనే ఆవిడకు వినిపిస్తుంది. రేపు బంధువుల్లో మీ పేరే వస్తుంది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా పెళ్లిళ్లలో చెప్పుకుంటారు. తప్పించుకోవడం మీ ఆయనది, అపకీర్తి మీది. ఎందుకు మీకిది? ఇవాళ రాత్రే ఆయనతో చెప్పండి, ‘ఇది మీ అమ్మగారి సంగతి, మీరే మాట్లాడండి, నేను పక్కన కూర్చుంటాను’ అని.

ఆయన కూడా సామానుతో మొదలుపెట్టకూడదు. ‘అమ్మా, కొత్తింట్లో నీ మంచం ఎక్కడ వేద్దాం?’ అని అడగాలి. అక్కడి నుంచి మాట దానంతట అదే నడుస్తుంది. ఏది ఉంచాలి, ఏది ఎవరికివ్వాలి అన్నది ఆవిడ చేతిలో పెట్టండి. గుండిగలు కూతురికో, చెల్లెలికో ఇమ్మని ఆవిడే అనవచ్చు. అనకపోతే వాటిలో ఒకటి బియ్యానికి పనికొస్తుంది. పందిరి మంచానికి పైన ఉన్న పందిరి కర్రలు విప్పేస్తే చాలామటుకు మామూలు మంచమే మిగులుతుంది, వడ్రంగిని పిలిచి చూపించండి. టేకు బీరువా ఉండగా బాబు గదికి కొత్త వార్డ్‌రోబ్ ఎందుకో నాకర్థం కాలేదు. ఆ 95 వేలలో వాడికి ఒక చదువుకునే బల్ల, కుర్చీ, మంచం కొనండి, గది ఇద్దరిదీ చేయండి. పదమూడేళ్ల పిల్లాడు మూతి ముడుస్తాడు. ముడవనివ్వండి. నానమ్మ ఇచ్చిన డబ్బుతో కట్టిన గోడల మధ్య నానమ్మకు సగం చోటు ఇవ్వడం వాడికి ఇప్పుడే తెలియాలి. రోలు బరువే, నిజమే. బాల్కనీలో ఓ మూల ఉంటుంది, మీరు రుబ్బకపోయినా పండగ నాడు పసుపు రాసి బొట్టు పెడతారు.

రెండు విషయాలు మీరిద్దరూ కలిసి చేయాల్సినవి ఉన్నాయి. ఒకటి, ఆవిడ ఇల్లు అమ్మిన ఏడాదికి ఆవిడ పేరు మీద ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేశారా? పాత ఇంటి మీద వచ్చిన లాభానికి పన్ను లెక్క ఆవిడదే. డబ్బు కొడుక్కి ఇచ్చేసినంత మాత్రాన అది కొడుక్కి మారదు. కొత్త ఇంట్లో ఆవిడ పేరు లేనప్పుడు ఇల్లు కొన్నామని మినహాయింపు అడగడం చిక్కు. కట్టాల్సింది ఉంటే ఎంతో ఆడిటర్‌ను అడిగి, ఆ ఖర్చు మీరే పెట్టుకోండి, అది కూడా మీ ఎక్సెల్‌లో ఒక గడి. పన్ను కట్టలేదన్న నోటీసు ఆ పెద్ద వయసు మనిషి పేరున రాకూడదు.

రెండోది చేతి ఖర్చు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పాలకూ కూరలకూ తన చేత్తో డబ్బిచ్చుకున్న మనిషి. ఇప్పుడు మాత్రలు కావాలన్నా కొడుకు ఎప్పుడు ఇంటికొస్తాడా అని చూడాలి. మీరు సంపాదిస్తున్నారు, సొంత డబ్బు చేతిలో ఉంటే మనిషి నడక ఎలా మారుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నెలకు ఐదు వేలో, కుదిరినంతో, ఒకటో తారీఖున ఆవిడ బ్యాంకు ఖాతాలో పడాలి. దేనికి ఖర్చు పెట్టారని అడగకూడదు. ఈఎంఐ ఎలా తప్పదో ఇదీ అంతే.

మీ అత్తగారు ఆ ఫ్లాట్ ఇప్పటివరకూ చూశారో లేదో ఉత్తరంలో లేదు. చూడలేదనే నా అనుమానం. మియాపూర్ నుంచి బాచుపల్లి పట్టుమని పది కిలోమీటర్లు లేదు. వచ్చే ఆదివారం మీ ఆయన చేతికి కొలత టేపు ఇచ్చి, వాళ్లమ్మను స్కూటర్ వెనక కాకుండా ఆటోలో తీసుకెళ్లమనండి. కిటికీ పక్కన ఎంత చోటుందో, తల ఎటు పెట్టుకోవాలో ఆవిడ చెబుతారు. కొలతలు రాసుకుని రండి. ప్యాకర్స్‌కు ఫోన్ సోమవారం చేయవచ్చు.