సమాంతర పైపుల్లో హెడ్ లాస్‌ను కూడాలా?

200 మి.మీ., 100 మి.మీ. వ్యాసాల పైపులు ఒకచోట విడిపోయి మళ్లీ ఒకచోట కలుస్తున్నాయి, రెండూ 500 మీటర్ల పొడవు, మొత్తం ప్రవాహం సెకనుకు 60 లీటర్లు అన్నారు. రెండింటిలో ఘర్షణ వల్ల నీరు కోల్పోయే శక్తిని, అంటే హెడ్ లాస్‌ను కూడాలా, ప్రవాహాన్ని వైశాల్యాల నిష్పత్తిలో పంచాలా అని అడిగారు. రెండూ చేయకండి.

నీళ్లు విడిపోయే చోట ఉండే హెడ్ (నీటి ఎత్తుగా, మీటర్లలో చెప్పే శక్తి) ఒక్కటే, కలిసే చోట ఉండేదీ ఒక్కటే. కాబట్టి ఏ దారిన వెళ్లినా నష్టం సమానమే. కూడవలసింది ప్రవాహాలను మాత్రమే. ఈ ఒక్క విషయం మనసుకు ఎక్కితే మిగిలినదంతా లెక్కే.

పైపులో ఘర్షణ నష్టాన్ని కట్టే డార్సీ–వైస్‌బాక్ సూత్రంలో వేగాన్ని ప్రవాహంగా మార్చి రాస్తే, హెడ్ లాస్ ప్రవాహ వర్గానికి అనులోమంగా, వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. పొడవు, ఘర్షణ గుణకం సమానమైతే ప్రవాహాల నిష్పత్తి వ్యాసాల నిష్పత్తికి 2.5 ఘాతం. ఇక్కడ అది 5.66. వైశాల్యాల ప్రకారం పంచితే 4 మాత్రమే వచ్చేది. అంటే పెద్ద పైపులో దాదాపు 51 లీటర్లు, చిన్నదానిలో 9. గుణకం 0.02 అనుకుని నష్టం కట్టి చూడండి: రెండింటిలోనూ 6.7 మీటర్లే వస్తుంది. నేను ఎవరి లెక్క సరిచూసినా ముందు ఈ సమానత్వాన్నే చూస్తాను. అది కుదరకపోతే తక్కినది చదవను.

నిజానికి గుణకాలు సమానంగా ఉండవు. పైపుల గరుకుదనం ఒకటే అయినా, వ్యాసంతో పోల్చితే చిన్న పైపులో దాని ప్రభావం ఎక్కువ. పైగా అక్కడ రేనాల్డ్స్ సంఖ్య (వేగం, వ్యాసం, స్నిగ్ధతలను బట్టి ప్రవాహ స్వభావాన్ని తెలిపేది) కూడా తక్కువ, దానివల్ల గుణకం పెరుగుతుంది. అందుకే దాని వాటా ఇంకొంచెం తగ్గుతుంది. వచ్చిన ప్రవాహాలతో మూడీ చార్టు (గరుకుదనం, రేనాల్డ్స్ సంఖ్యలను బట్టి ఘర్షణ గుణకం చూపే పటం) నుంచి కొత్త గుణకాలు తీసుకుని మళ్లీ పంచండి. సాధారణంగా రెండు మూడు విడతల్లో అంకెలు నిలకడకు వస్తాయి.

పొడవు తక్కువైనప్పుడు మాత్రం జాగ్రత్త. పంపు గదుల్లో నేను చూసిన సమాంతర శాఖలు కొన్ని మీటర్లకు మించవు. అక్కడ మీటరు రీడింగు లెక్కతో కలవకపోతే నేను మొదట చూసేది వంపులు, వాల్వులే. ఎందుకంటే 100 మి.మీ. పైపు 5 మీటర్లే ఉంటే ఘర్షణ వల్ల పోయేది ఒక్క వెలాసిటీ హెడ్ (వేగం వల్ల నీటికి ఉండే హెడ్, V²/2g) అంత. రెండు వంపులు, ఒక వాల్వు కలిసి దాన్ని సులువుగా మించిపోతాయి. మీ 500 మీటర్ల చిన్న పైపులో అదే నష్టం 100 వెలాసిటీ హెడ్‌లు, కాబట్టి వాల్వులు పూర్తిగా తెరిచి ఉన్నంతవరకు వాటిని వదిలేయవచ్చు.