ఎర్ర సోఫా, నెమలికంఠం రంగు కుర్చీలు: గోడలకు ఏ రంగు వేయాలి?

మియాపూర్‌లో కొత్త ఫ్లాట్, హాల్లో మిరపపండు ఎరుపు సోఫా, పక్కన నెమలికంఠం రంగు కుర్చీలు రెండు. ఇంట్లో అందరూ గోడలకు తెలుపే సేఫ్ అంటున్నారు, మీకేమో అది బోసిగా ఉంటుందేమోనని అనుమానం. ఇదే కదండీ మీ ప్రశ్న. నా ఓటు గంధం ఛాయ ఉన్న లేత మీగడ రంగుకు. ఎందుకో చెప్తాను, మీ ఇంటి వెలుతురుకు అది సరిపోతుందో లేదో ఎలా చూసుకోవాలో కూడా చెప్తాను.

మాది కూకట్‌పల్లి. హాల్లో నెమలికంఠం రంగు సోఫా, దానికి ఎదురుగా సంఖేడా ఊయల. గుజరాత్‌లో టేకుతో చేసి లక్కపూత పూస్తారే, ఆ రకం. ముదురు మెరూన్ మీద బంగారు రంగు పువ్వులు. ఊయల మా అత్తయ్య ఇచ్చింది, సోఫా మేం ఇష్టపడి కొనుక్కున్నది, రెండూ వదులుకునే ప్రసక్తే లేదు. అందుకని ముందు సామాను ఎక్కడ ఏది ఉండాలో ఖాయం చేసుకుని, ఆ తర్వాతే గోడల రంగు సంగతి చూశాం. మీకూ అదే చెప్తాను. సోఫా గుడ్డ దొరికేది ఉన్న రంగుల్లోనే. పెయింట్ అలా కాదు, షాపులో మిషన్ మీద ఏ ఛాయ కావాలంటే ఆ ఛాయ కలిపిస్తారు. కాబట్టి గోడే సోఫాకు సర్దుకోవాలి.

ఇక తెలుపు సంగతి. బిల్డర్లు వేసే తెలుపు చాలాసార్లు కాస్త నీలం వైపు మొగ్గి ఉంటుంది. మా ఫ్లాట్‌లో అలాగే ఉండేది. షేడ్ కార్డ్‌లో ఏ తెలుపు తీసుకున్నా దాని పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి, లోపల దాగి ఉన్న ఛాయ బయటపడుతుంది. ఒకటి పసుపు వైపు, ఒకటి గులాబీ వైపు, ఇంకొకటి ఆకుపచ్చ వైపు ఒరుగుతుంది. గట్టి రంగు సామాను ఉన్న ఇంట్లో అసలు తేడా తెచ్చేది ఈ లోపలి ఛాయే. నీలం ఛాయ ఉన్న తెలుపు ముందు ఎర్ర సోఫా కళ్ళలో గుచ్చుకుంటుంది, గోడేమో పాలిపోయినట్టు కనిపిస్తుంది. అదే సోఫా వెనక గంధం ఛాయ ఉన్న మీగడ రంగు వేస్తే ఎరుపు నిండుగా, మెత్తగా కనిపిస్తుంది. నెమలికంఠానికి కూడా ఈ వెచ్చటి నేపథ్యం బాగా నప్పుతుంది, మా సోఫా విషయంలో రోజూ చూస్తున్నాను.

ఇది నా అభిరుచి ఒక్కటే కాదు, కంటి తీరు అలాంటిది. షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పారిస్‌లో గోబెలాన్ టాపెస్ట్రీ కార్ఖానాలో, అంటే గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు నేసేచోట, అద్దకం విభాగం చూసేవాడు. నల్ల దారం సరిగ్గా నల్లగా రావడం లేదని ఆయనకు ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు, పక్కన నేసిన రంగుల వల్లే నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని తేలింది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చి చూపిస్తాయో వివరిస్తూ ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. మన ఇంటికి దీన్ని ఎలా వాడుకోవాలంటే, గట్టి రంగు పక్కనున్న బూడిద రంగు ఆ గట్టి రంగుకు వ్యతిరేకమైన రంగు వైపు జరిగినట్టు కనిపిస్తుంది. ఎర్ర సోఫా వెనక లేత బూడిద రంగు వేస్తే అది కాస్త ఆకుపచ్చగా, ఆవపిండి రంగు సోఫా వెనక వేస్తే కాస్త వంకాయ రంగుగా అనిపిస్తుంది. షాపులో నచ్చిన గ్రే ఇంటికొచ్చాక వేరుగా ఉందని చాలామంది అనడానికి ఇదీ ఒక కారణం. మీకు గ్రేనే కావాలనుంటే లోపల గోధుమ ఛాయ ఉన్నదాన్ని ఎంచుకోండి.

రెండో కారణం వెలుతురు. హైదరాబాద్ ఫ్లాట్లలో హాలుకు చాలావరకు ఒక పక్కనుంచే వెలుతురు వస్తుంది. బాల్కనీ పడమర వైపు ఉంటే సాయంత్రం నారింజ ఎండ నేరుగా లోపలికొస్తుంది, మీగడ రంగు బాగా పసుపుగా కనిపిస్తుంది. అలాంటి హాలుకు పసుపు ఛాయ తగ్గించి, లేత ఇసుక రంగు వైపు వెళ్ళాలి. ఉత్తరం వైపు కిటికీ అయితే వచ్చేది ఎక్కువగా ఆకాశపు వెలుతురు, అందులో నీలం పాలు ఎక్కువ. అక్కడ గంధం ఛాయ కాస్త ఎక్కువున్నా ఫరవాలేదు. ఎదురు బిల్డింగ్ దగ్గరగా ఉంటే దాని గోడ రంగు కూడా మీ హాల్లోకి వచ్చేస్తుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ మా పడగ్గదిలో పొద్దున్నంతా ఎదురింటి ఇటుక రంగు ఛాయే.

రాత్రి సంగతి పూర్తిగా బల్బుల మీద ఉంటుంది. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే తెల్లగా నీలం కలిసిన వెలుగు, 3000 అయితే పసుపు వెలుగు. ఎర్ర సోఫా ఉన్న హాల్లో 6500 వేస్తే ఎరుపు చల్లబడి జీవం తగ్గుతుంది, పూర్తి 3000లో నెమలికంఠంలోని నీలం అణగిపోతుంది. మీకు రెండు రంగులూ ఉన్నాయి కాబట్టి 4000 మధ్యేమార్గం. బల్బు వెలుగు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్ఐ. అది 90 పైన ఉన్న ఎల్‌ఈడీలు దొరికితే తీసుకోండి, వాటి కింద రంగులు ఉన్నవి ఉన్నట్టుగా తెలుస్తాయి.

శాంపిల్ చూడటం గురించి మాత్రం కాస్త ఓపిక పట్టండి. చీరల షాపులో మన అమ్మలు చీర పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి పగటి వెలుగులో చూస్తారు కదా, గోడ రంగుకూ అంత జాగ్రత్త కావాలి. నచ్చిన షేడ్‌లు చిన్న డబ్బాలు కలిపించుకుని పెద్ద చార్ట్ పేపర్ల మీద రెండు కోట్లు వేయండి. పూర్తిగా ఆరాక ఒక్కొక్కటే సోఫా వెనక ఆనించండి. అన్నీ పక్కపక్కన పెట్టకండి, ఒకదాన్నొకటి మార్చేస్తాయి. పొద్దున, నాలుగింటికి, రాత్రి లైట్ల కింద చూడండి. సోఫా దగ్గర కూర్చుని కాదు, తలుపు దగ్గర నిలబడి చూడండి. కార్డులో బుజ్జిముక్కగా ఉన్న రంగు నాలుగు గోడలకూ ఎక్కితే ఇంకా గట్టిగా కనిపిస్తుంది కాబట్టి, రెండిటి మధ్య ఊగిసలాడితే లేతదానికే వెళ్ళండి. కొన్ని కంపెనీలు షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. రంగు ఎంత వెలుతురు తిప్పి పంపుతుందో 0 నుంచి 100 లోపు చెప్పే కొలత అది. వెలుతురు మామూలుగా ఉండే హాలుకు నేను 65 నుంచి 75 మధ్య చూస్తాను.

నేలను మరవద్దు. చాలా ఫ్లాట్లలో ఉండే ఐవరీ విట్రిఫైడ్ టైల్స్‌లో పసుపు ఛాయ ఉంటుంది. గోడకు చల్లటి తెలుపు వేస్తే టైల్స్ మురికిపట్టినట్టు అనిపిస్తాయి. టైల్ ముక్క ఒకటి మిగిలి ఉంటే పెయింట్ షాపుకు తీసుకెళ్ళండి, సోఫా దిండు గలీబు కూడా.

పెయింటర్ వచ్చీ రాగానే "హైలైట్ వాల్ ఏది మేడం?" అని అడుగుతాడు, అంటే చూపు లాగేలా వేరే గట్టి రంగు వేసే ఒక్క గోడ. మా ఇంట్లో ఏదీ లేదనే చెప్పాను. గట్టి రంగు సామాను ఉన్నచోట ఆ పని సామానే చేస్తుంది. ఇంకో గోడ కూడా గట్టిగా పిలిస్తే కన్ను ఎక్కడా నిలవదు. ముఖ్యంగా ఎర్ర సోఫా వెనక ముదురు పసుపు గోడ వద్దు, పండగనాడు బాగుంటుంది కానీ రోజూ భరించడం కష్టం. తప్పదంటే మా పై అంతస్తువాళ్ళు చేసిన పని నాకు నచ్చింది: ముదురు ఆకుపచ్చ సోఫా వెనక గోడకు అదే కుటుంబంలోని ఇంకా ముదురు రంగు వేశారు. సోఫా గోడలో కలిసిపోయి గది నెమ్మదించింది. మీ ఎరుపుతో మాత్రం ఈ పద్ధతి చిన్న హాల్లో ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. దానికంటే కుర్చీలున్న గోడకు బూడిద కలిసిన లేత ఆకుపచ్చ వేసి చూడొచ్చు. ఎరుపుకు ఎదురు రంగే అయినా నెమ్మదైనది.

సీలింగ్‌కు మాట్ తెలుపు, అందులోనూ నీలం ఛాయ లేనిది. గోడలకు కడగడానికి వీలయ్యే ఎమల్షన్ వేయించండి, డిస్టెంపర్ వద్దు. సోఫాకు ఆనుకున్న గోడ మీద కొబ్బరినూనె తలల మరకలు పడటం ఖాయం. మరీ నిగనిగలాడే ఫినిష్ కూడా వద్దు, సాయంత్రం ఎండ ఎర్ర సోఫా మీద పడ్డప్పుడు ఆ మెరిసే గోడ మీద గులాబీ మచ్చలు తేలతాయి, లప్పం పని ఎగుడుదిగుళ్ళు కూడా బయటపడతాయి. కాస్త మెరుపున్న సాఫ్ట్ షీన్ చాలు. బయటి గోడకు చెమ్మ ఉందేమో ముందే చూపించండి. చెమ్మ ఆరకుండా ఎంత మంచి పెయింట్ వేసినా పొక్కుతుంది.

ఒక గోడకు సరిపడా డబ్బాలన్నీ ఒకేసారి కలిపించుకోండి, విడివిడిగా కలిపితే వెంట్రుకవాసి తేడా వస్తుంది. మిగిలిన దాన్ని చిన్న డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి, షేడ్ కోడ్, కంపెనీ పేరు, ఫినిష్ పేరు మూత మీద మార్కర్‌తో రాసిపెట్టండి.