సమాధానం: మోడల్ ఒకటే, తమ్ముడి ఫోన్‌కు అప్‌డేట్ వచ్చింది, నాకు రాలేదు

అన్నా, కడప ఏడు రోడ్ల దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానన్నావు కదా, నా అనుమానం అక్కడే. తమ్ముడిది ఆండ్రాయిడ్ 14కు పోయి నీది 12 దగ్గరే ఆగిందంటే, అది వేరే దేశానికి చేసిన ఫోన్ కావచ్చు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కు వెళ్లి రెండింటి మోడల్ నంబర్, బిల్డ్ నంబర్‌లో దేశాన్ని చెప్పే అక్షరాలు ఉంటే అవీ పక్కపక్కన పెట్టి చూడు. వీటిలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అప్‌డేట్ వేరుగా రావచ్చు. అవి కలిస్తే అప్‌డేట్ విడతలవారీగా వస్తోందేమో, స్టోరేజీ ఖాళీ పెట్టుకుని ఆగు.

ఈలోగా సెక్యూరిటీలో గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ నొక్కు. అది గూగుల్ నుంచే నేరుగా వస్తుంది, ఫోన్ కంపెనీ కోసం కాచుకోదు.

యూట్యూబ్ చూసి ఇండియా రోమ్ (ఇండియా ఫోన్లకు చేసిన సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తానంటున్నావు, ఆ పని మాత్రం వద్దు. దానికి బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ చేయగానే సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టే భాగం) అన్‌లాక్ చేయాల్సి వస్తుంది, చేస్తే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. ఆపైన మళ్లీ లాక్ చేశావా, కొన్ని ఫోన్లు ఇక ఆన్ కావు.