పాప చెంపకు ఆ ట్యూబ్ ఈ రోజే ఆపండి

ప్రశ్న: నా వయసు 38. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో పని చేస్తాను. ఆరు నెలల నుంచి గజ్జల్లో, నడుము చుట్టూ గుండ్రటి ఎర్ర మచ్చలు, విపరీతమైన దురద. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే నాలుగు రోజుల్లో తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. మధ్యలో ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు చేయించుకున్నా. ఇప్పుడు నా భార్యకూ వచ్చింది. నాలుగేళ్ల పాపకు చెంప మీద తెల్లటి మచ్చ వస్తే అదే ట్యూబ్ రాస్తున్నాం. రక్తం చెడిపోయింది, వంకాయ, చేపలు మానేయమంటున్నారు. మా దగ్గరి ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఇలా వస్తుందా? ఏం పథ్యం చేయాలి?
– ఓ పాఠకుడు, నల్గొండ జిల్లా

డాక్టర్ సలహా: పథ్యం సంగతి తర్వాత. ముందు పాప చెంపకు ఆ ట్యూబ్ రాయడం ఆపండి.

ట్యూబ్ పేరు మీరు రాయలేదు కాబట్టి కచ్చితంగా చెప్పలేను. కానీ రాస్తే నాలుగు రోజుల్లో మాయం, మానేస్తే మళ్లీ ప్రత్యక్షం అంటే అందులో స్టెరాయిడ్ ఉందని గట్టి అనుమానం. అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటివి కనిపిస్తే స్టెరాయిడ్ ఉన్నట్టే. క్లోబెటసాల్ వీటిలో బాగా పవర్ ఉన్నది. 12 ఏళ్లలోపు పిల్లలకు మామూలుగా మేం అది రాయం, ముఖానికైతే పెద్దవాళ్లకు కూడా రాయం. ముఖం మీద చర్మం పలచన. మందు తొందరగా లోపలికి ఇంకుతుంది, చర్మం ఇంకా పలచబడి ఎర్రబారుతుంది, ఉన్న రంగు కూడా పోవచ్చు. కంటి దగ్గర ఎక్కువ రోజులు రాస్తే కంటికే ప్రమాదం.

అసలు ఆ మచ్చ ఏమిటో ఎవరైనా చూశారా? ఈ వయసు పిల్లలకు చెంపల మీద వచ్చే తెల్ల మచ్చలు చాలావరకు పొడి చర్మం వల్ల వచ్చేవే. మాయిశ్చరైజర్ రాస్తే కొన్ని నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. కాల్షియం తక్కువైందని సిరప్‌లు తాగిస్తారు, దానికీ దీనికీ సంబంధం లేదు. అయితే మీ ఇద్దరిదీ తామర లాగే ఉంది కాబట్టి పాపకూ అదే అంటుకుని ఉండొచ్చు. అరుదుగా కుష్టు కూడా ఇలాగే తెల్లటి లేదా లేత ఎర్రటి మచ్చతో మొదలవుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. కుష్టుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, మొదట్లో పడితే పూర్తిగా నయమవుతుంది. మచ్చ మీద స్పర్శ తెలుస్తోందా లేదా అని నాలుగేళ్ల పిల్ల చెప్పలేదు, డాక్టరే చూడాలి. ఈ వారంలోనే తీసుకెళ్లండి. వారం అన్నానని ఆదివారం దాకా ఆగకండి.

ఇక మీ సంగతి. మీరు రాసినదాన్ని బట్టి తామర లాగే ఉంది, అంటే ఫంగస్ ఇన్ఫెక్షన్. చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పకూడదు. రాత్రిళ్లు దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో కూడా పొక్కులుంటే అది గజ్జి కావచ్చు, దాని వైద్యం వేరు.

తామరకు స్టెరాయిడ్ రాస్తే ఎరుపు, దురద అణిగిపోతాయి. ఫంగస్ చావదు సరికదా, అడ్డు లేక పక్కకు పాకుతుంది. అంచులు చెదిరి, చూసిన డాక్టర్ కూడా పోల్చుకోలేనట్టు తయారవుతుంది. గజ్జల్లో, తొడల లోపలివైపు చారలు పడ్డాయేమో అద్దంలో చూసుకోండి. పడితే అవి లేతబడతాయే తప్ప పూర్తిగా పోవు. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదని చెప్పింది. అయినా కౌంటర్ మీద అడిగినవాడికి అడిగినంత ఇస్తూనే ఉన్నారు. అమ్మేవాళ్లది తప్పే, కానీ ఆరు నెలలు ఒక్కసారి కూడా డాక్టర్‌కు చూపించకపోవడం మీ తప్పు. ఆ రెండు ఇంజెక్షన్లు ఏమిటో కూడా కనుక్కోండి. దురదకని చేసేవాటిలో స్టెరాయిడ్ ఉంటుంటుంది, అది షుగర్ పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు తామర ఓ పట్టాన తగ్గదు. అందుకే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి.

ట్యూబ్ మానగానే వారం, రెండు వారాలు మచ్చలు రెచ్చిపోతాయి, ముందుకంటే ఎక్కువ దురద పెడుతుంది. అది చూసి టెన్షన్ పడి మళ్లీ అదే రాశారో, మొదటికొస్తుంది. ఆ ఇబ్బందికి డాక్టర్ వేరే మందు ఇస్తారు. తామరకు స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీములున్నాయి, మీలా పాకినవాళ్లకు చాలాసార్లు మాత్రలు కూడా కావాలి. వారం పది రోజుల్లో అయిపోయే పని కాదు, నెల, నెలన్నర, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఇట్రాకొనజోల్ మాత్రలు మాత్రం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు అవి పడవు, కొన్ని కొలెస్ట్రాల్ మందులతో కలిస్తే ప్రమాదం. మీ భార్య గర్భవతి అయినా, పాలిస్తున్నా ముందే చెప్పాలి. ఆమెకూ మీతోపాటే వైద్యం చేయాలి, లేకపోతే ఒకరికి తగ్గేలోపు ఇంకొకరి నుంచి మళ్లీ అంటుకుంటుంది.

నడుము చుట్టూ అన్నారు. మొలతాడు ఉందా? ఉంటే తీసేయండి. చెమటకు తడిసి, ఎన్ని క్రీములు రాసినా ఫంగస్ అందులో దాక్కుంటుంది. తీయకూడదని ఇంట్లో పెద్దవాళ్లు అంటే, తగ్గాక కొత్తది కట్టుకుంటానని చెప్పండి. మిల్లులో ఊకదుమ్ము, చెమట తప్పవు కాబట్టి ఇంటికి రాగానే స్నానం చేసి, గజ్జలు పూర్తిగా ఆరాకే బట్టలు వేసుకోండి. తువ్వాలు ఎవరిది వాళ్లకే. డ్రాయర్లు, బనియన్లు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. దురదకని డెటాల్, నిమ్మకాయ, వెల్లుల్లి రుద్దకండి, చర్మం కాలిపోయి వచ్చేవాళ్లను తరచూ చూస్తుంటాను.

ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. ఈ మచ్చలు దానివల్ల కావు. రక్తం చెడిపోవడమూ లేదు. వంకాయ, చేపలు తినండి, తిన్నప్పుడల్లా ఒళ్లంతా దద్దుర్లు వస్తే తప్ప మానాల్సిన పని లేదు.

నల్గొండ జనరల్ ఆసుపత్రి చర్మ విభాగంలో చూపించుకోవచ్చు. ముగ్గురూ వెళ్లండి. వాడిన ట్యూబ్, అట్టపెట్టెతో సహా తీసుకెళ్లండి. వెళ్లే రోజు మచ్చల మీద ఏమీ రాయకండి, పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షలో ఫంగస్ కనిపించకుండా పోవచ్చు. ఈలోగా జ్వరం వచ్చినా, చీము పట్టినా, పాప ముఖం వాచినా ఓపీ రోజు కోసం చూడకుండా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.