మంటకు భయపడి మా ఆయనకు దూరంగా పడుకుంటున్నాను

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఆరేళ్ల క్రితం బ్లీడింగ్ ఎక్కువగా అవుతోందని ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. కొన్నాళ్లకే ఒంట్లోంచి వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం మొదలయ్యాయి. అవి ఇప్పుడు తగ్గాయి. కానీ రెండేళ్లుగా కలయిక అంటేనే భయం వేస్తోంది. తడి అసలు ఉండదు. ఒరుసుకుపోయినట్టు నొప్పి, మర్నాడు మూత్రానికి వెళ్తే మంట. ఈ ఏడాది రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్‌కి మందులు వాడాను. అక్క చెబితే కొబ్బరి నూనె రాశాను. మొదట్లో బాగానే ఉంది, తర్వాత దురద పట్టుకుంది. మా ఆయన మంచివారే. కానీ 'నా మీద ఇష్టం పోయింది నీకు' అని ముభావంగా ఉంటున్నారు. నడుం నొప్పి వంకతో వేరే గదిలో పడుకుంటున్నాను. మెడికల్ షాపులో జెల్లీలు దొరుకుతాయంటారు, ఏది కొనాలో తెలియదు, అడగాలంటే సిగ్గు. 'ఈ వయసులో ఇంకా ఇవేమిటే' అంటుంది అక్క. నాకేదైనా దారి చెప్పండి.

జవాబు: ముందుగా అక్క మాట పక్కన పెట్టండమ్మా. మీకు 47, మీ వారికి బహుశా యాభై పైన ఉంటాయేమో. ఇంకా పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో కలిసి బతకాల్సిన ఇద్దరి మధ్య ఈ సంగతి అవసరమా కాదా అన్నది మీరిద్దరూ తేల్చుకోవాల్సిందే గానీ, ఇంకొకరు తీర్పు చెప్పేది కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆపరేషన్ సంగతి. అప్పటికి మీకు 41. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా? చాలామందికి తెలియదు, 'మొత్తం తీసేశారు' అని మాత్రం చెబుతారు. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, తెలంగాణలో దాదాపు 8, ఆంధ్రలో దాదాపు 9 శాతం. వీళ్లలో ఎంతమందికి ఆపరేషన్ తర్వాత ఒంట్లో ఏం మారుతుందో కూర్చోబెట్టి చెప్పి ఉంటారో మీ ఉత్తరం చూస్తేనే అర్థమవుతోంది.

శరీరానికి ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ప్రధానంగా అండాశయాల నుంచే అందుతుంది. రెండూ తీసేస్తే అది ఒక్కసారిగా పడిపోతుంది, మెనోపాజ్ రాత్రికి రాత్రే వచ్చేసినట్టు. ఉంచినా, గర్భసంచి తీసినవారిలో అవి మామూలుకన్నా కొంత ముందుగానే పని ఆపేయవచ్చు. నెలసరి ఎటూ రాదు కాబట్టి ఆ సంగతి తెలిసేది ఆవిర్ల వల్లా, నిద్ర చెడటం వల్లా, ఇదిగో ఈ మంట వల్లా.

ఈస్ట్రోజన్ ఉన్నప్పుడు యోని లోపలి పొర మందంగా, సాగే గుణంతో, తడిగా ఉంటుంది. మేలుచేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా అక్కడ కొద్దిగా ఆమ్లగుణం నిలబెడుతుంది. ఈస్ట్రోజన్ తగ్గితే పొర పల్చబడుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, ఆ ఆమ్లగుణం పోతుంది. మూత్రనాళం చివర కూడా ఇదే మార్పు. అందుకే మీకు పొడిబారడం, యూరిన్ ఇన్ఫెక్షన్లు రెండూ కలిసి వచ్చాయి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావు. ఆవిర్లు ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, మీకూ తగ్గాయి. పొడిబారడం మాత్రం అలా తగ్గదు. పట్టించుకోకపోతే సాధారణంగా పెరుగుతుంది. ఓర్చుకుంటే సర్దుకుంటుందనుకునే లెక్క ఇక్కడ పనిచేయదు.

దీనిపైన ఇంకోటి చేరుతుంది. ఒకటి రెండుసార్లు నొప్పి తగిలాక శరీరం గుర్తు పెట్టుకుంటుంది. ఆయన దగ్గరికి రాగానే మీకు తెలియకుండానే కింది కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకుంటే నొప్పి ఇంకా ఎక్కువ, అందుకని భయం ఇంకా ఎక్కువ. ఇష్టం పోయి మీరు పక్క గదిలోకి వెళ్లలేదు. నొప్పికి వెళ్లారు. ఈ తేడా మీ వారికి తెలియాలి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు జెల్లీలు. షాపులో దొరికేవాటిని, డాక్టరు రాసేవాటిని కలిపి చూస్తే మూడు రకాలున్నాయి, మూడింటి పనీ వేరు. కలయిక సమయంలో రాపిడి తగ్గించేది లూబ్రికెంట్. కలయికతో సంబంధం లేకుండా వారానికి రెండు మూడుసార్లు రాత్రిపూట పెట్టుకుని లోపలి తేమ నిలుపుకునేది వజైనల్ మాయిశ్చరైజర్. పల్చబడిన పొరను మళ్లీ మందంగా చేసేది ఈస్ట్రోజన్ క్రీము, ఇది డాక్టరు రాస్తేనే. చాలామంది మొదటిది మాత్రమే కొని, 'పనిచేయలేదు' అని వదిలేస్తారు. మీలాగా రెండేళ్లుగా మంట ఉన్నవారికి మొదటిది ఒక్కటే చాలకపోవచ్చు.

లూబ్రికెంట్‌లో మొదట నీళ్ల ఆధారంగా చేసినది, అంటే వాటర్ బేస్డ్ అని రాసి ఉన్నది తీసుకోండి. కడిగితే పోతుంది, బట్టలకు మరక పట్టదు. త్వరగా ఆరిపోవడమే దాని లోపం, మధ్యలో మళ్లీ రాసుకోవాల్సి రావచ్చు. కొనేముందు డబ్బా వెనక చదవండి. వాసనలు, రుచులు, 'వెచ్చగా అనిపిస్తుంది', 'చల్లగా జివ్వుమంటుంది' అని ఊరించేవి మీకు వద్దు. అవి పాతికేళ్ల జంటల సరదా కోసం, పల్చబడిన చర్మానికి మంట పెడతాయి. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కువగా ఉన్న జెల్ చాలా చిక్కగా ఉండి కణాల్లోంచి నీటిని బయటికి లాగుతుంది. రాసుకున్నప్పుడు జారుడుగా ఉంటుంది, తర్వాత మరింత పొడి. దీన్ని కొలిచే లెక్కను ఆస్మొలాలిటీ అంటారు. లూబ్రికెంట్లలో అది 1200 దాటకూడదని, 380 లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన దగ్గర చాలా ట్యూబుల మీద ఈ అంకె కనపడదు, అలాంటప్పుడు గ్లిజరిన్ లేనిది, ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ 4.5 దగ్గర ఉన్నది చూసుకోండి. క్లోర్‌హెక్సిడిన్ అని ఉంటే వదిలేయండి, అది క్రిములతోపాటు మంచి బ్యాక్టీరియానూ చంపుతుంది.

వాటర్ బేస్డ్ పదేపదే ఆరిపోతుంటే సిలికాన్‌తో చేసినది ప్రయత్నించవచ్చు. చర్మంలోకి ఇంకదు, ఆరదు, కొంచెం వేసుకున్నా చాలాసేపు ఉంటుంది, పొడిబారడం ఎక్కువగా ఉన్నవారికి నిజానికి ఇదే హాయి. ధర ఎక్కువ, దుప్పటికి మరక పడుతుంది, బాత్రూం నేల మీద పడితే కాలు జారుతుంది. అది చూసుకోండి.

నూనె సంగతి. కొబ్బరి నూనె చెడ్డదని నేననను. కొందరికి బాగా సరిపోతుంది కూడా. కానీ తలకు రాసుకునే, పరిమళం కలిపిన నూనె అయితే దురద రావడంలో వింత లేదు. శుద్ధమైనదైనా నూనె లోపల నిలిచి కొందరిలో ఇన్ఫెక్షన్‌కి చోటిస్తుంది. మీకు దురద వచ్చింది కాబట్టి ఇక ఆపేయండి. వాజెలిన్ లోపలికి అసలు వద్దు. మీకు ఆ అవసరం లేదు గానీ, కండోమ్ వాడే ఇతర పాఠకులకు ఒక మాట: నూనె, వాజెలిన్ తగిలితే లబ్బరు కండోమ్ బలహీనపడి చిరుగుతుంది. నీళ్ల జెల్, సిలికాన్ జెల్ అయితే ఆ భయం లేదు.

షాపులో సిగ్గుపడి 'జెల్లీ ఇవ్వండి' అని గొణిగితే ఇంకో ప్రమాదం ఉంది. లిగ్నోకైన్ జెల్లీ చేతిలో పెట్టగలరు, అది మొద్దుబార్చే మందు. నొప్పి తెలియకుండా చేస్తుంది, లోపల చర్మం చిట్లినా తెలియదు, ఆయనకూ తిమ్మిరి పడుతుంది. అందుకని చీటీ మీద 'వాటర్ బేస్డ్ లూబ్రికెంట్ జెల్' అని రాసి చూపించండి. లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. అసలు మీ వారే కొనుక్కొస్తే ఇంకా మంచిది, ఇది మీ ఒక్కరి మందు కాదు కదా.

వాడటం గురించి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు. ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. దద్దురు, మంట లేకపోతే వాడండి. వాడేటప్పుడు పిసినారితనం వద్దు. ఒక టీస్పూనంత తీసుకుని యోని ద్వారం చుట్టూ, కాస్త లోపలికీ రాసుకోండి, ఆయనా రాసుకోవాలి. ఎండుతున్నట్టనిపిస్తే ఆగి మళ్లీ రాయండి. ఆగడంలో తప్పేం లేదు. పక్కకు తిరిగి పడుకుని గానీ, మీరు పైన ఉండి గానీ అయితే ఎంత లోతు, ఎంత వేగం అన్నది మీ చేతిలో ఉంటుంది. ఇంకోటి, ఈ వయసులో శరీరం సిద్ధం కావడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఐదు నిమిషాల్లో అయిపోయే పద్ధతికి ఎంత మంచి జెల్ అయినా పెద్దగా ఉపకరించదు.

మాయిశ్చరైజర్ విషయానికొస్తే, హయాలురానిక్ యాసిడ్ ఉన్న వజైనల్ జెల్లు మన దగ్గరా దొరుకుతున్నాయి. క్రమం తప్పకుండా కొన్ని వారాలు వాడితేనే తేడా తెలుస్తుంది. ముఖానికి, ఒంటికి రాసుకునే క్రీములు ఆ పని చేయవు, పెట్టకండి. సబ్బు, డెట్టాల్, సువాసన వచ్చే 'ఇంటిమేట్ వాష్'లు కూడా మానేయండి. బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు, లోపల కడగాల్సిన పనే లేదు. జలుబుకీ దురదకీ తరచూ వేసుకునే అలర్జీ మాత్రలు కూడా కొందరిలో పొడి పెంచుతాయి.

ఇక గైనకాలజిస్ట్. మీరు తప్పక వెళ్లాలి, ఎందుకంటే మీ దురద కొబ్బరి నూనె వల్లా, ఫంగస్ వల్లా, పొడి వల్లా అన్నది చూస్తే గానీ తెలియదు. షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ ఎక్కువగా ఉంటే ఫంగస్ మళ్లీ మళ్లీ వస్తుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్లూ అంతే. ఇవేవీ కాక పొడిబారడమే అని తేలితే ఈస్ట్రోజన్ క్రీము గురించి మీరే అడగండి. మన దగ్గర ఎక్కువగా ఎస్ట్రియాల్ క్రీము రాస్తారు. సాధారణంగా మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. ఫలితం పూర్తిగా తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. పదేపదే వచ్చే యూరిన్ ఇన్ఫెక్షన్లు కూడా దీనితో తగ్గుతాయి. 'హార్మోన్' అనగానే క్యాన్సర్ అని భయపడకండి. ఈ తక్కువ మోతాదులో రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు, ముఖ్యంగా లెట్రోజోల్ వంటి మాత్రలు వాడుతున్నవారు మాత్రం తమ క్యాన్సర్ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ఈ క్రీమును లూబ్రికెంట్‌లాగా కలయికకు ముందు రాసుకోకూడదు, ఆయన ఒంటికీ హార్మోన్ అంటుతుంది.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జ్ కాగితం వెతికి తీసుకెళ్లండి. అండాశయాలు తీశారో లేదో అందులో ఉంటుంది. 45 ఏళ్లలోపే అవి పోతే ఇబ్బంది కలయికతో ఆగదు, ఎముకలు, గుండె కూడా లెక్కలోకి వస్తాయి. మీకు మాత్రల రూపంలో హార్మోన్ అవసరమా, ఎముకల సాంద్రత చూడాలా అన్నది డాక్టరుతో మాట్లాడాలి. 'వయసు అయింది, సర్దుకోండి' అని పంపించేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొహమాటపడక్కర్లేదు.

మీ వారితో రాత్రి మంచం మీద కాదు, పగలు, టీ తాగేటప్పుడో పొలం నుంచి తిరిగొచ్చేటప్పుడో మాట్లాడండి. నడుం నొప్పి వంక ఇక చాలు. 'మీరంటే ఇష్టం లేక కాదు, గర్భసంచి తీశాక లోపల పొడిబారిపోయింది, పుండు మీద కారం రాసినట్టు మండుతోంది, డాక్టరుకి చూపించుకుందాం, మీరూ రండి' అనండి. మంచివారే అంటున్నారు కాబట్టి వింటారు. తాను అడిగినప్పుడల్లా మీకు నొప్పి కలిగిందని తెలిస్తే ఆయనకూ బాధ కలుగుతుంది, కాసేపు ఏమీ మాట్లాడకపోవచ్చు. దాన్ని కోపం అనుకోకండి. మందు పని మొదలుపెట్టేదాకా, ఓ నెలా రెండు నెలలు, కలయిక వద్దని ఇద్దరూ ఒప్పందానికి రండి. కానీ గది మార్చకండి. పక్కన పడుకోండి, దగ్గరికి తీసుకోండి, ముట్టుకోండి. అది అక్కడితోనే ఆగుతుందని మీకు తెలిస్తే కండరాలు బిగుసుకోవడం మానతాయి. అప్పటికీ బిగుసుకుంటుంటే దానికి పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ, అంటే ఆ కింది కండరాలను సడలించడం నేర్పే చికిత్స ఉంది, పెద్ద ఊళ్లలో చేస్తున్నారు.

ఒక్క విషయంలో ఆలస్యం చేయకండి. కలయిక తర్వాత గానీ, మామూలుగా గానీ రక్తం కనపడితే, అది చుక్క అయినా సరే, పొడి వల్లేనని మీరే తేల్చుకోకుండా ఆ వారంలోనే చూపించుకోండి. గర్భసంచి లేదు కదా అనుకోకూడదు. గర్భసంచి ఉండి, ఏడాది పాటు నెలసరి ఆగి మళ్లీ కనపడినవారికైతే ఇది మరీ ముఖ్యం, స్కానింగ్ తప్పనిసరిగా చేయించుకోవాలి.